పడవ మోటారులో రవ్వ ఎక్కడ ఆగిపోయినది?

ఒక చిన్న పడవ ఏటి మొగ దాటుచున్నదనుకొందము. వెనుక పలకకు బిగించిన మోటారు నాలుగుసార్లు టపటపలాడి ఆగిపోయినది. త్రాడు ఎంత లాగినను అంటుకొనుట లేదు. ఆటునీరు పడవను సముద్రములోనికి లాగుచున్నది. ట్యాంకులో పెట్రోలు ఉన్నది. అది ఇంజనుకు అందుచునే ఉన్నది. అయినను మంట లేదు. అనగా పెట్రోలును వెలిగించు విద్యుత్ రవ్వ పుట్టుట లేదన్నమాట. ఇట్టి లోపమును కనుగొనుటకు చేతిపని నేర్పు ఒక్కటే చాలదు. రవ్వ ఏ దారిని వచ్చునో తెలియవలెను.

పడవ వెనుక తగిలించు ఇట్టి మోటారును ఔట్‌బోర్డు మోటారు అందురు. అమెరికాలోని మిల్వాకీ నగరమున ఓలే ఎవిన్రూడ్ 1909లో దీనిని అమ్మకమునకు తెచ్చి ప్రచారము కల్పించెను. 1950, 1960 ప్రాంతములలో తయారైన రెండు సిలిండర్ల మోటారులు కొన్ని నేటికిని పనిచేయుచున్నవి. వానిలో చాలవాటికి బ్యాటరీ లేదు. మరి రవ్వకు కావలసిన విద్యుత్తు ఎక్కడినుండి వచ్చును?

1831లో మైకేల్ ఫారడే కనుగొన్న ప్రేరణ సూత్రమే దీనికి మూలము. తీగచుట్ట గుండా పోవు అయస్కాంత బలరేఖల సంఖ్య మారినపుడు చుట్టలో విద్యుత్తు పుట్టును. ఆ మార్పు ఎంత వేగముగ జరిగిన వోల్టేజి అంత హెచ్చును. ఈ మోటారు తలపై తిరుగు బరువైన ఫ్లైవీలు అంచులో అయస్కాంతము లుండును. దాని క్రింద, ఇనుప రేకుల దిమ్మెపై రెండు చుట్టలుండును. లావు తీగతో కొద్ది చుట్లు చుట్టినది ప్రాథమిక చుట్ట. వెండ్రుకవంటి తీగతో వేలకొలది చుట్లు చుట్టినది గౌణ చుట్ట. ఈ ఏర్పాటునకు మాగ్నెటో అని పేరు.

ఫ్లైవీలు తిరుగునపుడు ప్రాథమిక చుట్టలో ప్రవాహము పుట్టి, పాయింట్లు అను రెండు లోహపు బిళ్ళల గుండా ప్రవహించును. సరియైన క్షణమున క్యామ్ ఆ బిళ్ళలను విడదీయును. ప్రవాహము ఒక్కసారిగా తెగిపోవును. అయస్కాంత క్షేత్రము హఠాత్తుగ పడిపోవుటచే గౌణ చుట్టలో పదివేల వోల్టులకు పైబడిన వోల్టేజి పుట్టి, స్పార్కు ప్లగ్గు కొనల మధ్య రవ్వగా దూకును. పాయింట్లు విడిపోవునపుడు ప్రవాహము వానిమధ్యనే మంటగా సాగకుండ కండెన్సరు దానిని తనలోనికి గ్రహించును. ఇది రెండు ఘాతముల ఇంజను గనుక ప్రతి చుట్టుకును ప్రతి సిలిండరులో ఒక రవ్వ కావలెను. నిమిషమునకు 4,000 చుట్లు తిరుగునపుడు ఒక్కొక్క సిలిండరులో సెకనుకు సుమారు 67 రవ్వలు పుట్టవలెను!

ఇక లోపమును వెదకుదము. మొదట ప్లగ్గును విప్పి చూడవలెను. అది నూనెతో తడిసియో, మసిపట్టియో ఉన్నచో శుభ్రపరచవలెను, లేదా క్రొత్తది వేయవలెను. ప్లగ్గును బయట ఇంజను లోహమునకు తాకించి త్రాడు లాగినపుడు రవ్వ కనబడినచో అంతయు సరిగా ఉన్నదని చాలమంది తలచెదరు. ఇది పొరపాటు. మామూలు గాలిలో ఒక మిల్లీమీటరు ఎడమును దాటుటకు సుమారు 3,000 వోల్టులు చాలును. సిలిండరులో గాలి అణగద్రొక్కబడి యుండును గనుక అదే ఎడమునకు అంతకు ఎన్నోరెట్లు కావలెను. కావున రవ్వ బయట సుమారు 6 మిల్లీమీటర్ల ఎడమును దాటగలదేమో పరీక్షించుట మేలు.

రెండు సిలిండర్లలో ఒకదానికే రవ్వ లేదనుకొందము. అదృష్టవశమున మనకు పోల్చి చూచుటకు బాగుగ ఉన్న రెండవది ప్రక్కనే కలదు. రెండు కండెన్సర్లను తారుమారు చేయుడు. లోపము కండెన్సరుతో పాటు రెండవ సిలిండరునకు మారినదా? దోషి అదియే. మారలేదా? దానిని విడిచి, తరువాత తీగచుట్టలను తారుమారు చేయుడు. ఒకసారి ఒక్కటే మార్చవలెను. రెండు మార్చినచో మోటారు పనిచేసినను, ఏది దోషియో తెలియదు. ప్రయోగశాలలో మనము పాటించు నియమమే ఇచ్చటను పనికివచ్చుచున్నది.

రెండింటికిని రవ్వ లేనిచో, రెండింటికిని సంబంధించినదానిని అనుమానింపవలెను. మోటారును ఆపు మీట ప్రాథమిక చుట్ట ప్రవాహమును ప్రక్కదారి పట్టించి రవ్వను ఆపును. ఆ తీగపై తొడుగు ఒరసిపోయి ఇంజనుకు తగిలినచో మీట నొక్కకయే రవ్వ ఆగిపోవును. తీగను విడదీసి చూచిన తెలియును. మోటారు నెలల తరబడి వాడక ఉంచినచో రెండు జతల పాయింట్లపైనను సన్నని తుప్పుపొర ఏర్పడవచ్చును. ప్రాథమిక చుట్టలోని స్వల్ప వోల్టేజి ఆ పొరను దాటలేదు. పాయింట్లను శుభ్రపరచి, పూర్తిగా విడిపోయినప్పుడు వానిమధ్య ఎడమును ఫీలర్ గేజి అను ఉక్కురేకుతో సరిచూడవలెను. ఆ కాలపు జాన్సన్, ఎవిన్రూడ్ మోటారులలో పెక్కింటికి ఇది అంగుళములో వెయ్యింట ఇరువది వంతులు, అనగా సుమారు అర మిల్లీమీటరు.

పది నిమిషములు నడచి ఆగి, చల్లారిన తరువాత మరల నడచు మోటారులో చుట్టనో, కండెన్సరునో అనుమానింపవలెను. వేడికి వ్యాకోచించినపుడు లోని పగులు విచ్చుకొని, విద్యుత్తు దారితప్పును.

జాగ్రత్తలు మరువరాదు. పెట్రోలు ఆవిరి ఉన్నచోట రవ్వను పరీక్షింపరాదు. రవ్వ తీగను చేతితో పట్టుకొనరాదు. గేరు తటస్థముగ ఉంచవలెను. ఫ్లైవీలును సుత్తితో కొట్టక, తగిన పుల్లరుతో ఊడదీయవలెను.

1970వ దశకము నుండి పాయింట్ల స్థానమును క్రమముగ ఎలక్ట్రానిక్ పరికరములు ఆక్రమించినవి. అయినను తిరుగు అయస్కాంతము, తీగచుట్ట, హఠాత్తుగ మారు క్షేత్రము పెక్కు మోటారులలో నేటికిని అవే. నడిసముద్రమున ఫ్లైవీలు విప్పుట సులభము కాదు. కావున ఈ పరీక్షలన్నియు ఒడ్డుననే ముగించి, ఒక జత మంచి ప్లగ్గులును, ఒక జత తెడ్లును పడవలో వేసికొని బయలుదేరుట వివేకవంతుల పద్ధతి.