ట్రిగ్గర్ అడుగుతుంది, బ్యాటరీ ఇవ్వాలి

పొలంలో మోటారు స్టార్టరు పెట్టె విప్పి చూసినవాళ్లకు లోపలి పాయింట్లు ఎలా ఉంటాయో గుర్తుండే ఉంటుంది. కొత్తలో తళతళలాడిన లోహం కొన్నాళ్లకు నల్లబడి గుంటలు పడుతుంది. ఉప్పుకాగితంతో రుద్దితే తప్ప మోటారు ఎత్తుకోదు. జపాన్‌లో పుట్టిన ఒక ఆట తుపాకీని మొదటి నుంచీ పట్టి పీడించిన జబ్బు కూడా ఇదే.

జపాన్ చట్టం ప్రకారం సామాన్యుడి చేతికి అసలు తుపాకీ అందడం దాదాపు అసాధ్యం. ఆ లోటులోంచే ఎయిర్‌సాఫ్ట్ పుట్టింది. ఇది 6 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ గుండ్లతో ఆడే ఆట. 1980లలో వరుసగా పేల్చాలంటే గ్యాసే దిక్కు. వీపున సిలిండరు, దాన్నుంచి తుపాకీకి గొట్టం. గ్యాసు వ్యాకోచించే కొద్దీ చల్లబడుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, గుండు వేగమూ పడిపోతుంది.

1991లో టోక్యో మారుయి సంస్థ ఫ్రెంచి సైన్యపు ఫామాస్ రైఫిల్ ఆకారంలో ఎలక్ట్రిక్ తుపాకీని మార్కెట్లోకి తెచ్చింది. గొట్టం పోయింది, బ్యాటరీ వచ్చింది. తుపాకీ పొట్టలో మెకాబాక్స్ అనే చిన్న పెట్టె ఉంటుంది. అందులో మోటారు మూడు పళ్లచక్రాలను తిప్పుతుంది. చివరి చక్రానికి సగం వరకే పళ్లు. ఆ పళ్లు పిస్టన్‌ను వెనక్కి లాగి స్ప్రింగును నొక్కుతాయి. పళ్లు అయిపోగానే పిస్టన్ ముందుకు దూకి, దాని ముందున్న గాలితో గుండును తోస్తుంది. మోటారు సుమారు 18, 19 చుట్లు తిరిగితే ఒక్క గుండు. సెకనుకు పదికి పైగా గుండ్లు.

ఈ యంత్రంలో ట్రిగ్గర్ ఒక స్విచ్చి, అంతే. వేలు నొక్కితే రాగి రేకులు కలుస్తాయి, బ్యాటరీ కరెంటంతా వాటి మీదుగానే మోటారుకు పోతుంది. ఆగి ఉన్న మోటారు కదిలే తొలి క్షణంలో, తిరిగేటప్పటికన్నా ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వేలు తీయగానే ఇంకో చిక్కు. మోటారు చుట్టల్లో పారుతున్న కరెంటు ఉన్నపళంగా ఆగదు, విడిపోతున్న రేకుల సందులోంచి మెరుపై దూకుతుంది. ఆ మెరుపు ప్రతిసారీ రవ్వంత రాగిని కాల్చి మసి మిగులుస్తుంది. మసి పేరుకుంటే నిరోధం, నిరోధంతో వేడి, వేడితో ఇంకా మసి.

దీని ఫలితం ఆటగాడికి సింగిల్ షాట్‌లో తెలుస్తుంది. ఒక గుండు పేలగానే చక్రం మీది బుడిపె ఒక మీటను లేపి రేకులను విడదీయాలి. బ్యాటరీ నీరసించినా, రేకులు మసిబారినా చక్రం నడిమధ్యలో ఆగిపోతుంది. స్ప్రింగు సగం నొక్కుకుని ఉంటుంది. మీట లేచే ఉంటుంది కాబట్టి రేకులు కలవవు. ఎన్నిసార్లు నొక్కినా తుపాకీ పలకదు. ఫుల్ ఆటోకు మార్చి ఒక్కసారి తిప్పితే కాని ముడి విడదు.

ఆనాటి తుపాకుల్లో ఎక్కువగా నికెల్ కాడ్మియం బ్యాటరీలే. సెల్లుకు 1.2 వోల్టుల చొప్పున ఏడు సెల్లులకు 8.4 వోల్టులు. తర్వాత నికెల్ మెటల్ హైడ్రైడ్ వచ్చింది. ఫామాస్ వచ్చిన 1991లోనే జపాన్‌లోనే సోనీ సంస్థ తొలి వాణిజ్య లిథియం అయాన్ బ్యాటరీని విడుదల చేసింది. దాని తమ్ముడు లాంటి లిథియం పాలిమర్ కొన్నేళ్లకు తుపాకుల్లోకి చేరింది. సెల్లుకు 3.7 వోల్టులు, నిండుగా ఉంటే 4.2. మూడు సెల్లులు కలిపితే 11.1 వోల్టులు. తుపాకీ చురుకెక్కింది. రాగి రేకులు మాత్రం మునుపటికన్నా త్వరగా కాలిపోసాగాయి.

విరుగుడు అప్పటికే ఉంది. 1959లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొహమ్మద్ అటల్లా, డావోన్ కాంగ్ తయారుచేసిన మోస్‌ఫెట్. ఇది కదిలే భాగాలే లేని స్విచ్చి. గేట్ అనే కాలికి వోల్టేజీ అందితే సిలికాన్‌లో దారి తెరుచుకుంటుంది, తీసేస్తే మూసుకుపోతుంది. స్టార్టరు పెట్టెలో పచ్చ బటన్ చేసే పనీ ఇలాంటిదే. బటన్ మీదుగా పోయే కొద్దిపాటి కరెంటు లోపలి కాయిల్‌ను లేపుతుంది, మోటారు భారం పెద్ద పాయింట్లు మోస్తాయి. మోస్‌ఫెట్ వచ్చాక ట్రిగ్గర్ రేకులు కబురు మాత్రమే మోస్తాయి. కొత్త రకాల్లో రేకులు కూడా లేవు. ట్రిగ్గర్ ఒక కాంతి కిరణానికి అడ్డుపడితే చిప్పు దాన్ని గుర్తించి, చక్రం సరిగ్గా ఒక్క చుట్టు తిరిగాక మోటారును ఆపుతుంది.

మరి ఇంత చేశాక కూడా ట్రిగ్గర్ ఎందుకు మొండికేస్తుంది? చాలాసార్లు కారణం బ్యాటరీలో దొరుకుతుంది. లెక్క వేసి చూద్దాం. 7.4 వోల్టుల ప్యాకు నుంచి మోటారు 20 ఆంపియర్లు లాగిందనుకుందాం. ప్యాకు లోపలి నిరోధం 0.03 ఓములైతే పడిపోయేది 0.6 వోల్టులే. పాతబడి అది 0.15 ఓములైతే 3 వోల్టులు పోయి 4.4 మిగులుతాయి. అంత తక్కువలో చిప్పు తడబడి మళ్లీ మొదటికి రావచ్చు. మోస్‌ఫెట్‌లోని దారి పూర్తిగా తెరుచుకోక దాని నిరోధం పెరగవచ్చు. 3 మిల్లీఓముల దగ్గర 1.2 వాట్ల వేడితో సరిపెట్టుకునే ఆ ముక్క, 30 మిల్లీఓములకు చేరితే 12 వాట్లు భరించాలి. గోరంత సిలికాన్ అంత వేడికి తట్టుకోదు. పైగా మోస్‌ఫెట్ చెడితే తరచూ తెరుచుకునే ఉండిపోతుంది. వేలు తీసినా తుపాకీ ఆగదు. అందుకే కళ్లద్దాలు తప్పనిసరి.

బ్యాటరీ కొనేటప్పుడు వోల్టులు ఒక్కటే చూస్తే చాలదు. 1300 మిల్లీ ఆంపియర్ అవర్ల ప్యాకు మీద 20 సీ అని ఉంటే, అది 26 ఆంపియర్ల వరకు ఇవ్వగలదని అర్థం. మోటారు ఆకలి కన్నా ఆ అంకె బాగా ఎక్కువగా ఉండాలి. లిథియం సెల్లును 3 వోల్టుల కిందికి దింపకూడదు, ఉబ్బిన ప్యాకును మళ్లీ వాడకూడదు. ప్లస్, మైనస్ తారుమారైతే మోస్‌ఫెట్ ఒక్క క్షణంలో పోతుంది.

ముప్పై ఏళ్లలో ట్రిగ్గర్ మీంచి బరువంతా దిగిపోయింది. ఆ బరువు బ్యాటరీ నెత్తికెక్కింది. తుపాకీ పలకనప్పుడు మెకాబాక్స్ మరలు విప్పే ముందు మల్టీమీటరు తీసుకుని, మోటారు తిరుగుతుండగా ప్యాకు వోల్టేజీ ఎంతకు పడుతోందో చూడండి. చాలాసార్లు మరలు విప్పే పని ఉండదు.