ఇంగ్లిష్ గ్రామర్: 'ఎ', 'యాన్', 'ది'.. ఎక్కడ ఏది వాడాలి? తెలుగు అక్షరాలతోనే సింపుల్ ట్రిక్!

చెరువులో నీళ్లు కాస్త ఉన్నాయనడానికి, దాదాపు లేవనడానికి తేడా ఏంటో రాయలసీమ రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఇంగ్లిష్‌లో ఆ తేడా అంతా ఒక్క అక్షరం మీదే ఉంది. 'దేర్ ఈజ్ ఎ లిటిల్ వాటర్' అంటే కాసిన్ని నీళ్లున్నాయని. 'దేర్ ఈజ్ లిటిల్ వాటర్' అంటే దాదాపు లేవని. మధ్యలో 'ఎ' పోయిందంటే అర్థమే తిరగబడుతుంది.

ఎ, యాన్, ది.. ఈ మూడింటినే ఆర్టికల్స్ అంటారు. బ్యాంకు, ఎస్ఎస్‌సీ పరీక్షల్లో వాక్యంలో తప్పు పట్టుకోమనే ప్రశ్నలకు ఇవి ఇష్టమైన సరుకు. చూడ్డానికి చిన్నవే అయినా డిగ్రీ చదివిన వాళ్లను కూడా తికమక పెడతాయి. మరి వీటిని ఎలా గుర్తుపెట్టుకోవాలి? ఇప్పుడు తెలుసుకుందాం.

అసలు మనకెందుకు కష్టం?

తెలుగులో ఆర్టికల్స్ లేవు. హిందీ, రష్యన్, చైనీస్, జపనీస్ భాషల్లోనూ లేవు. కాబట్టి ఈ ఇబ్బంది మన ఒక్కరిదే కాదు. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సీపీ బ్రౌన్‌ది సరిగ్గా దీనికి రివర్స్ కేసు. మాటకు ముందు 'ఎ', 'ది' పెట్టడం అలవాటైన ఆయన తెలుగులో అవి లేకుండానే మాట్లాడాలి. ఆ తర్వాత ఆయన తెలుగు-ఇంగ్లిష్ నిఘంటువే తయారు చేశారు.

అయితే ఆర్టికల్స్ చేసే పని మాత్రం తెలుగులోనూ ఉంది. 'ఒక', 'ఆ' అనే మాటలతో మనం రోజూ ఆ పని చేస్తూనే ఉంటాం.

'ఎ'నా.. 'యాన్'నా?

ఎ, ఇ, ఐ, ఓ, యూ అక్షరాల ముందు 'యాన్' పెట్టాలని స్కూల్లో బట్టీ పట్టి ఉంటారు. చాలా తప్పులు అక్కడే మొదలవుతాయి. చూడాల్సింది స్పెల్లింగ్ కాదు, నోటితో పలికే శబ్దం. దానికి తెలుగు లిపి బాగా పనికొస్తుంది. ఇంగ్లిష్ మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే 'యాన్', హల్లుతో మొదలైతే 'ఎ'. అంతే.

ఉదాహరణకు యూనివర్సిటీ. 'య' హల్లు కాబట్టి 'ఎ యూనివర్సిటీ'. 'యాన్ యూనివర్సిటీ' అనడం తప్పు. 'వన్ రూపీ కాయిన్'లో 'వ' హల్లు, కాబట్టి 'ఎ'. 'అవర్' స్పెల్లింగ్ హెచ్‌తో మొదలైనా పలికేది 'అ', కాబట్టి 'యాన్ అవర్'. కర్నూలు మార్కెట్‌కు వచ్చే ఉల్లిగడ్డ కూడా 'యాన్ ఆనియన్'.

పొట్టి పేర్లకూ ఇదే రూల్. ఎమ్మెల్యే, ఎస్సై, ఆర్టీసీ బస్సు, ఎఫ్ఐఆర్.. వీటన్నిటికీ 'యాన్'. డీఎస్పీ, వీఆర్వో, సీఐ.. వీటికి 'ఎ'.

ఒక్క చోట మాత్రం జాగ్రత్త. యాపిల్, యాంకర్, యాక్టర్ లాంటి మాటల్ని మనం 'య'తో రాస్తాం. కానీ ఇంగ్లిష్‌లో అవి అచ్చు శబ్దాలే కాబట్టి 'యాన్' వాడాలి. అదే మార్కెట్ యార్డులోని 'యార్డ్' స్పెల్లింగ్ 'వై'తో మొదలవుతుంది కాబట్టి 'ఎ యార్డ్'.

'ది' ఎప్పుడు?

తొలకరి పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి ప్రాంతాల్లో జనం పొలాల్లో వజ్రాల వేట మొదలుపెడతారు. ఒక రైతుకు వజ్రం దొరికిందనుకుందాం. దాన్ని ఇంగ్లిష్‌లో ఇలా చెబుతారు: 'ఎ ఫార్మర్ ఫౌండ్ ఎ డైమండ్. ది ఫార్మర్ సోల్డ్ ది డైమండ్ టు ఎ ట్రేడర్.'

మొదటి వాక్యంలో ఆ రైతు ఎవరో, ఆ వజ్రం ఏదో వినేవాళ్లకు తెలియదు. అందుకే 'ఎ'. రెండో వాక్యానికి వచ్చేసరికి రెండూ తెలిసిపోయాయి, కాబట్టి 'ది'. వ్యాపారి మాత్రం ఇప్పుడే కొత్తగా వచ్చాడు, అతనికి మళ్లీ 'ఎ'. తెలుగులో అయితే 'ఒక రైతు', ఆ తర్వాత 'ఆ రైతు' అంటాం కదా. సరిగ్గా అదే లెక్క. "ఏది?" అని ఎదుటివాళ్లు అడగాల్సిన అవసరం లేకపోతే 'ది' వాడేయొచ్చు.

ఒక్కటే ఉన్నదానికి కూడా 'ది' వస్తుంది. 'కర్నూల్ ఈజ్ ఎ సిటీ' అంటాం, ఎందుకంటే నగరాలు చాలా ఉన్నాయి. 1953 నుంచి 1956 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అదే. అందుకే 'కర్నూల్ వాజ్ ది క్యాపిటల్ ఆఫ్ ఆంధ్ర స్టేట్'.

ఊరి పేరుకు వద్దు, నదికి కావాలి

కర్నూలు, కడప, నంద్యాల.. ఊళ్ల పేర్ల ముందు ఏమీ పెట్టకూడదు. మనుషుల పేర్లకూ అంతే. నదులు, కాలువలు, కొండల వరుసలకు మాత్రం 'ది' కావాలి. ది తుంగభద్ర, ది పెన్నా, ది కేసీ కెనాల్, ది నల్లమల హిల్స్.

లెక్కపెట్టలేని వాటికి 'ఎ', 'యాన్' పనికిరావు. 'యాన్ ఇన్ఫర్మేషన్', 'యాన్ అడ్వైస్' అని రాస్తే మార్కు పోయినట్టే.

'ది' తీసేస్తే జైలుకే!

'హి వెంట్ టు జైల్' అంటే శిక్ష పడి, లేదా అరెస్టయి లోపలికి వెళ్లాడని. 'హి వెంట్ టు ది జైల్' అంటే ములాఖత్ కోసమో, పని మీదో ఆ జైలు దగ్గరికి వెళ్లాడని. కడప సెంట్రల్ జైలుకు క్లయింట్‌ను కలవడానికి వెళ్లిన లాయర్ గురించి రాసేటప్పుడు 'ది' మర్చిపోతే, ఆయన్నే ఖైదీని చేసినట్టవుతుంది.

ఇప్పుడు మీరే ట్రై చేయండి

1. షీ ఈజ్ ___ ఆనెస్ట్ ఆఫీసర్.
2. హి జాయిన్డ్ ___ యూనియన్.
3. ___ పెన్నా ఫ్లోస్ నియర్ ___ కడప.
4. మీటింగ్‌కు కొంతమందైనా వచ్చారని చెప్పాలి: ___ ఫ్యూ పీపుల్ కేమ్.

జవాబులు: 1. యాన్ 2. ఎ 3. మొదటి ఖాళీలో ది, రెండో ఖాళీలో ఏమీ రాదు 4. ఎ. నాలుగో దాన్ని ఖాళీగా వదిలేస్తే, మీటింగ్‌కు దాదాపు ఎవరూ రాలేదని అర్థం.