పాసుపుస్తకంలోని పొడి అక్షరాలు: బ్యాంకు రుసుములపై ఫిర్యాదు – భాష

పొదుపు ఖాతాలో ఊహించని కోత పడినప్పుడు తలెత్తే వివాదం సొమ్ముకు సంబంధించినదిగా కనిపిస్తుంది. కాని అది పద్దును చదవలేకపోవడంతోనే మొదలవుతుంది. ఖాతాదారులు వాడే దరఖాస్తులు, పాసుపుస్తకాలు ఇంగ్లీషు, హిందీలతోపాటు ప్రాంతీయ భాషలోనూ ఉండాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. అట్టమీద తెలుగు కనిపిస్తుంది. లోపలి పుటల్లో మాత్రం 'ఎంఏబీ', 'ఏసీహెచ్ రిటర్న్' వంటి పొడి అక్షరాలే పడతాయి. అర్థంకాని పద్దులు రాయవద్దని, క్లుప్తంగానైనా తెలిసే వివరం ఇవ్వాలని కూడా రిజర్వు బ్యాంకు సూచించిందన్న సంగతి చాలామందికి తెలియదు.

పద్దు పేరు తెలియనిదే దారి తెలియదు. 'ఏసీహెచ్ రిటర్న్' అంటే నిల్వ చాలక వాయిదా చెల్లింపు తిరిగిపోయినందుకు వేసిన రుసుము. మే నెలాఖరున పోయే 20 రూపాయలు, 436 రూపాయలు అసలు రుసుములే కావు. ప్రధానమంత్రి ప్రమాద బీమా, జీవన బీమా పథకాల ప్రీమియాలు. అక్కడ అడగవలసింది ఖాతాదారు ఇచ్చిన సమ్మతిపత్రాన్ని.

'ఎంఏబీ' అంటే నెలసరి సగటు నిల్వ. ఎక్కువ తగాదాలు దీనిమీదే. 30 రోజుల నెలలో 20 రోజులు 200, తక్కిన 10 రోజులు 2,000 రూపాయలు ఉన్న ఖాతా సగటు 800. నెలాఖరున 2,000 చూసుకున్న ఖాతాదారుకు కోత అన్యాయంగానే తోస్తుంది. ఉండవలసిన సగటు 1,000 అయితే కొరత 200; రుసుము ఆ 200కు అనుపాతంలోనే ఉండాలి. 2014 నవంబరులో వెలువడి, 2015 ఏప్రిల్ 1 నుండి అమలైన రిజర్వు బ్యాంకు ఆదేశం సారాంశమిది. నిల్వ తగ్గిందని ముందుగా స్పష్టంగా తెలిపి, సరిచేసుకోవడానికి కనీసం నెల గడువివ్వాలనీ, కేవలం ఈ రుసుము వల్ల ఖాతా రుణాత్మక నిల్వలోకి పోకూడదనీ అదే ఆదేశం చెబుతుంది. ఈ చివరి నియమం చిన్నదేమీ కాదు. అది లేకపోతే తరువాత జమయ్యే ఉపాధి హామీ కూలీనో, ఉపకారవేతనాన్నో పాత రుసుమే మింగేస్తుంది. ప్రాథమిక పొదుపు ఖాతాలకైతే కనీస నిల్వ షరతే వర్తించదు.

కనుక ఫిర్యాదులోని వాక్యం కీలకం. 'రుసుము చాలా ఎక్కువ' అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయంపై అభ్యంతరం. అంబుడ్స్‌మన్ దానిని స్వీకరించరు. 'ఫలానా తేదీన ఇంత కోశారు, ముందస్తు సమాచారం రాలేదు' అన్నది సేవాలోపం. ఇది నిలుస్తుంది. మొదట బ్యాంకుకే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోవాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చినది తృప్తికరంగా లేకపోయినా సమీకృత అంబుడ్స్‌మన్ పథకం కింద రుసుమేమీ లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. ఆ పథకం కింద ఉత్తరాల ద్వారా వచ్చే ఫిర్యాదులను స్వీకరించడానికి చండీగఢ్‌లో ఏర్పాటైన కేంద్రం ఏ భాషలో రాసినా తీసుకుంటుంది. పద్దు తెలుగులో రాకపోయినా, దానిపై ఫిర్యాదు తెలుగులో పంపవచ్చు.