ప్రార్థన ఎవరి భాషలో?

రామభజన ముగిసి హారతి ఇచ్చిన తరువాత, "ఇంతసేపు పాడారు గదా, దీని అర్థమేమిటి?" అని పిల్లలు అడిగితే మనలో చాలమందిమి తడబడుతాము. మన మారిషస్‌లో క్రియోల్ మాట్లాడే నోటితోనే తెలుగు కీర్తనలు పాడుతున్నాము. కొందరు వాటిని రోమన్ అక్షరాలలో వ్రాసుకొని పాడుతారు. అర్థము తెలియని ప్రార్థన ప్రార్థనేనా అన్న ప్రశ్న మనకొక్కరికే వచ్చినది కాదు. 16వ శతాబ్దములో ఇంగ్లండు మతగురువులు దీనిని గురించి ఎంతో వ్రాసారు. రక్తము కూడ చిందినది.

1534లో పోపు అధికారమును త్రోసిపుచ్చిన ఇంగ్లండు చర్చినే ఆంగ్లికన్ చర్చి అంటారు. ఆ తరువాత కూడ కొన్నేండ్లు అక్కడ పూజ లాటిన్‌లోనే సాగినది. కాంటర్బరీ ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మర్ ఆధ్వర్యములో 1549లో ఇంగ్లీషు ప్రార్థన గ్రంథము వెలువడినది. నిత్య ప్రార్థనలు, పెండ్లి, జ్ఞానస్నానము, సమాధి కార్యము అన్నీ ఒకే పుస్తకములో, సామాన్యులు మాట్లాడే భాషలో చేర్చారు.

దీనిని కాదని దేశపు పడమటి కొసనున్న డెవన్, కార్న్‌వాల్ ప్రజలు తిరుగబడ్డారు. వారికి క్రాన్మర్ వ్రాసిన జవాబులో ఒక మాట మన పెద్దలకు బాగా తెలిసిన అనుభవమే. కోర్టులో వకీలు తమకు తెలియని ఫ్రెంచిలో వాదిస్తే కక్షిదారులు సణుగుతారు గదా, మరి దేవుని ఎదుట మీ తరఫున మాట్లాడే గురువు మీకు తెలిసిన భాషలో మాట్లాడితే కోపమెందుకు అని అడిగాడు. తెలియని భాషలో బహిరంగ ప్రార్థన తగదని 1571 నాటి 39 మత సూత్రాలలో 24వది కూడ శాసించినది.

వాదము చక్కనిదే. అయితే కార్న్‌వాల్ వారిలో కొందరికి ఇంగ్లీషే రాదు. వారి భాష కార్నిష్. ఆ సంగతి వారు తమ విన్నపములోనే చెప్పుకున్నారు. లాటిన్ కంటె ఇంగ్లీషు తెలిసినవారే మీలో ఎక్కువ గదా అన్నది క్రాన్మర్ సమాధానము. కార్నిష్‌లో పుస్తకము ఇద్దామన్న ఆలోచన ఆయన జవాబులో కనిపించదు. ఇక్కడ ఆయన తన సూత్రమును తానే సగములో వదిలినాడని మాకు తోస్తుంది. ఆ వేసవిలోనే తిరుగుబాటును అణచివేశారు, వేలమంది చనిపోయారు. క్రాన్మర్ కూడ, కాథలిక్కు రాణి మేరీ కాలములో, 1556లో ఆక్స్‌ఫర్డులో సజీవ దహనమునకు గురి అయ్యాడు.

అందరూ ప్రజల భాషలోనే ప్రార్థించారనుకోరాదు. బిషప్పు లాన్సలాట్ ఆండ్రూస్ 1611 నాటి ఇంగ్లీషు బైబిలు అనువాదకులలో ముఖ్యుడు. అయినా తన ఏకాంత ప్రార్థనలను గ్రీకు, లాటిన్, హీబ్రూలలో వ్రాసుకున్నాడు. 1626లో ఆయన పోయిన తరువాతనే అవి అచ్చయినవి. 24వ సూత్రము సభలో ప్రార్థనకే గాని, గదిలో ఒంటరి ప్రార్థనకు కాదు.

పొరుగున వేల్స్‌లో కథ వేరు. వెల్ష్ భాషలోనికి బైబిలును, ప్రార్థన గ్రంథమును అనువదించాలని 1563లో పార్లమెంటు చట్టము చేసినది. బిషప్పు రిచర్డ్ డేవిస్, పండితుడు విలియం సాల్స్‌బరీ కృషితో 1567లో వెల్ష్ ప్రార్థన గ్రంథము వచ్చినది. విలియం మోర్గన్ అనే గురువు 1588లో బైబిలును పూర్తి చేసాడు. వారము వారము చర్చిలో ఆ భాష వినబడినది. 2021 జనాభా లెక్కలలో 5 లక్షలకు పైగా ప్రజలు వెల్ష్ మాట్లాడగలమన్నారు. కార్నిష్‌కు ఆ కాలములో ప్రార్థన గ్రంథము రాలేదు. భాష క్షీణించుటకు వేరే కారణాలు కూడ ఉన్నవి గాని, 18వ శతాబ్దము చివరికి అది ఇండ్లలో మాట్లాడే భాషగా మిగలలేదు. 20వ శతాబ్దములో కొందరు పాత వ్రాతప్రతులు ముందు పెట్టుకొని దానిని మరల నేర్చుకోవలసి వచ్చినది.