ఆ బిడ్డ భయానికి మందుంది

నెల్లూరు తీరాన కావలి మొదలు కృష్ణపట్నం వరకు ఏ సంఘానికి వెళ్లి చూసినా, ఆదివారం ఆరాధనకు ఎన్నడూ రాని బిడ్డ ఒకడో ఇద్దరో ఉంటారు. వారికి కాపలాగా తల్లి గాని అవ్వ గాని ఇంట్లో నిలిచిపోతుంది. అయ్యగారు అడిగితే "వాడికి ఒంట్లో బాగాలేదండీ" అని తలవంచుకుంటారు. పద్నాలుగు పదిహేనేళ్ల ఆ బిడ్డకు ఆటిజం ఉందని కొందరికి తెలుసు. ఇటీవల వాడిని పట్టి పీడిస్తున్నది ఆటిజం కాదని, దానిమీద వచ్చి చేరిన తీవ్రమైన భయమని తెలిసినవారు తక్కువ. ఆ భయానికి చికిత్స ఉంది. ఈ మాట మన ఇళ్లకు చేరాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

ఏది ఆటిజం, ఏది భయం?

ఆటిజం పుట్టుకతోనే మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. 1943లో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను పరిశీలించి దీనిని వివరించాడు. తల్లి ప్రేమ చాలకపోవడమే కారణమని ఆ తరువాత కొన్నేళ్లు నిందించారు గాని, ఆ నింద తప్పని తేలిపోయింది. పుట్టుగుడ్డివానిని చూపి ఎవరి పాపమని శిష్యులు అడిగినప్పుడు, వాని పాపమూ కాదు, కన్నవారి పాపమూ కాదని ప్రభువు చెప్పిన సంగతి మనకు తెలిసినదే. ఈ బిడ్డల విషయంలోనూ ఆ ప్రశ్న మానుకుందాం.

ఆటిజాన్ని పోగొట్టే మందు లేదు. భయం సంగతి వేరు. 31 అధ్యయనాలను కలిపి 2011లో చేసిన సమీక్షలో, ఆటిజం గల పిల్లలలో దాదాపు పదిమందికి నలుగురిలో ఆందోళన జబ్బు కనిపించింది. యౌవనంలో శరీరం మారుతుంది, బడి మారుతుంది, పదో తరగతి పరీక్షలు దగ్గరపడతాయి. "నాకు భయమేస్తోంది" అని నోటితో చెప్పలేని బిడ్డ దానిని మరోలా చెబుతాడు. అడిగిందే యాభైసార్లు అడుగుతాడు. గడప దాటనంటాడు. నిద్ర మానేస్తాడు. చేయి కొరుక్కుంటాడు, తల గోడకు కొట్టుకుంటాడు. మైకు మోత, రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్ల రొద, చెప్పాపెట్టకుండా వచ్చిన చుట్టాలు మనకు లెక్కలోనివి కావు, వాడికి పిడుగుపాటులాంటివి. దానిని మొండితనమని కొట్టడం, దయ్యమని బెదిరించడం ఆ భయాన్ని రెట్టింపు చేస్తాయి.

ఎక్కడికి వెళ్లాలి?

హఠాత్తుగా మార్పు వస్తే ముందు శరీరాన్ని చూపించాలి. పంటినొప్పి, చెవిపోటు, మలబద్ధకం కూడా మాటలు రాని బిడ్డను అలా చేస్తాయి. ఆటిజం గలవారిలో కొందరికి ఈ వయసులోనే మూర్ఛ మొదలవుతుంది.

తరువాత మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లాలి. నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. సికింద్రాబాదులోని మేధో వైకల్య జాతీయ సంస్థ ఆధ్వర్యంలో నడిచే ప్రాంతీయ కేంద్రం, సి.ఆర్.సి., నెల్లూరులోనే ఉంది. అక్కడ బిడ్డకు శిక్షణ, తలిదండ్రులకు సలహా దొరుకుతాయి. ప్రయాణం కుదరని రోజున 14416కు ఫోను చేయవచ్చు. ఇది 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ సేవ. రాత్రింబగళ్లు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.

మరికొంత దూరం వెళ్లగలవారికి కాట్పాడిలో రైలు దిగితే వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఉంది. దాని మానసిక ఆరోగ్య కేంద్రం బాగాయంలో 1957లో ఆరంభమైంది. రోగితో ఇంటివారు కూడా ఉండి చికిత్సలో పాలుపొందే పద్ధతిని మన దేశంలో ముందుగా చేపట్టినవాటిలో అది ఒకటి.

వెళ్లేముందు రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాయండి: ఎప్పుడు భయపడ్డాడు, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపు నిద్రపోయాడు, ఏం తిన్నాడు, ఇంతకుముందు ఏ మాత్రలు వాడారు. భయపడినప్పుడు ఫోనులో కాస్త వీడియో తీసి ఉంచితే, వైద్యునికి మన మాటలకన్నా అదే ఎక్కువ చెబుతుంది. ఆసుపత్రిలో ఒకరు వరుసలో నిలబడి, మరొకరు బిడ్డతో బయట చెట్టు నీడన ఉంటే మేలు. అందుకే తల్లిని ఒంటరిగా పంపవద్దు.

మాత్రల సంగతి

భయం తగ్గడానికి వైద్యులు ఫ్లూయాక్సెటిన్, సెర్ట్రలిన్ వంటివి రాస్తారు. ఆటిజం గల పిల్లలలో ఇవి అందరికీ ఒకేలా పనిచేయవు. కాబట్టి కొద్ది మోతాదుతో ఆరంభించి నెమ్మదిగా పెంచుతారు. గుణం కనపడడానికి నాలుగు నుండి ఆరు వారాలు పట్టవచ్చు. మొదటి రోజులలో చికాకు, నిద్రలేమి ఎక్కువైనా, చావు మాటలు మాట్లాడినా వెంటనే వైద్యునికి తెలపాలి. తననుతాను గాయపరచుకొనే బిడ్డకు రిస్పెరిడోన్ ఇస్తే, బరువును, రక్తంలో చక్కెరను చూపించుకుంటూ ఉండాలి.

ఈ మందు దేనికి, ఎన్నాళ్లు, ఏ ఇబ్బంది కలిగితే రావాలి, మళ్లీ ఎప్పుడు చూపించాలి: ఈ నాలుగూ అడిగి రాయించుకోండి. మందుల షాపులో నిద్రమాత్రలు అడిగి కొనవద్దు. నయమైందని మనంతట మనమే ఒక్కసారిగా ఆపవద్దు.

మాత్ర భయాన్ని కొంత దించుతుంది. మిగిలిన పని ఇంటిది. రోజంతా ఏం జరుగుతుందో బొమ్మలు గీసి గోడకు అంటించండి. ఏదైనా మారబోతే ముందే చెప్పండి. బస్సు అంటే భయమైతే మొదటి రోజు స్టాపుదాకా నడిచి వెనక్కి రండి, మరునాడు ఆగి ఉన్న బస్సు చూపండి. ఇలా చిన్న చిన్న మెట్లు ఎక్కించాలి.

సంఘం చేయవలసినది

హిజ్కియా రాజును స్వస్థపరుస్తానని దేవుడే చెప్పాడు. అయినా పుండుమీద అంజూరపు పండ్ల ముద్ద వేయించాడు యెషయా. బదరీవృక్షం క్రింద చావు కోరుకున్న ఏలీయాకు దూత ముందు పెట్టినది రొట్టె, నీళ్లు. లూకా వైద్యుడు. ప్రార్థనకు మందు పోటీ కాదు. స్వస్థత కూటంలో నిలబడి "మాత్రలు పారవేయండి" అని చెప్పే అధికారం ఏ బోధకునికీ లేదు.

2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోసం వచ్చినవారిని ఉంచిన ఒక ఆశ్రమానికి నిప్పంటుకుంది. గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని ఏ విధంగానూ గొలుసులతో కట్టకూడదని నిషేధించింది. మన ప్రార్థనా గృహాలకు కూడా ఆ మాట వర్తిస్తుంది.

సంఘం చేయగలది చాలా ఉంది. స్త్రీల సమాజంవారు వారానికి ఒక పూట బిడ్డ దగ్గర కూర్చుంటే తల్లి కంటినిండా నిద్రపోతుంది. తలుపు దగ్గర ఒక చోటు ఉంచి, స్పీకరును అటు తిప్పకుండా ఉంటే ఆ కుటుంబం పావుగంటైనా ఆరాధనలో ఉండగలదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు వేట నిషేధం. పడవలు ఒడ్డునుండే ఆ 61 రోజులూ మాత్రలు ఆగకూడదు. ఆసుపత్రి ఖర్చుకు కానుకలలో కొంత పక్కన ఉంచండి.

చదువుకున్న యౌవనస్థులు కాగితాల పని చేసిపెట్టవచ్చు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది. సదరం ధ్రువపత్రంలో 40 శాతం, ఆపైన నమోదైతే పింఛనుకు దరఖాస్తు చేయవచ్చు. 2024 జూలై నుండి అది నెలకు 6,000 రూపాయలు. కేంద్రపు నిరామయ బీమాలో లక్ష రూపాయల వరకు వైద్యానికి అవకాశముంది.

తుఫాను సంగతి మరువరాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు మన తీరమంతా తడిసి ముద్దయింది. పదిరోజుల మాత్రలు, మందుల చీటీ పాలిథిన్ కవరులో కట్టి ఉంచండి. ఎండ ఉన్న రోజుననే బిడ్డను తుఫాను షెల్టరుకు తీసుకువెళ్లి చూపండి; హెచ్చరిక వచ్చిన రాత్రి అది వాడికి తెలిసిన చోటు అవుతుంది.

పక్షవాత రోగిని నలుగురు మోసుకొని వచ్చారు. దారి లేకపోతే కప్పు విప్పారు. ప్రియ చదువరులారా, మీ పాళెంలో అట్టి ఇల్లు ఏదో మీకు తెలుసు. ఈ వారమే వెళ్లి, ఆసుపత్రికి ఏ రోజు వెళదామో అడగండి.