సైన్య ప్రవేశం – వైద్య పరీక్ష

విజయవాడలోను, బందరు కాలువ గట్టు వెంబడి గ్రామాలలోను వేకువజామున పరుగు సాధన చేసే యువకులలో కొందరి లక్ష్యం మెరూన్ రంగు టోపీ. అది పారాచ్యూట్ రెజిమెంటు చిహ్నం. స్వచ్ఛందంగా ముందుకు వచ్చి, కఠినమైన పరిశీలనా కాలాన్ని దాటినవారికే ఆ దళంలో చోటు. అయితే పరుగులో అందరినీ మించినవాడు సైతం వైద్యుని గది నుండి వెనుదిరగవలసి రావచ్చు.

అమెరికా సైన్యంలో కొన్ని లోపాలకు అభ్యర్థనపై మినహాయింపు లభిస్తుంది. మన సైన్యంలో అభ్యర్థికి ఉన్నది ప్రధానంగా పునఃపరీక్ష కోరే అవకాశం. సైన్యాధికారుల ఎంపికలో అనర్హుడని తేలినవాడు 42 రోజులలోపు అప్పీలు వైద్య మండలి ఎదుట హాజరు కావచ్చు. అక్కడా ప్రతికూలమైతే సమీక్షా మండలిని అర్థించవచ్చు. అది హక్కు కాదు, అనుగ్రహం. చెవిలో గుబిలి, అధిక బరువు, వరిబీజం వంటివి చికిత్సతోనో సాధనతోనో తొలగేవి.

వర్ణాంధత్వం అట్టిది కాదు. అది చాలావరకు తల్లి ద్వారా కుమారునికి సంక్రమించే జన్మసిద్ధ లోపం. ఆమెలో సాధారణంగా కనిపించదు, కుమారునికీ తెలియకపోవచ్చు. రంగు చుక్కల నడుమ అంకెను చదవమన్నప్పుడే తొలిసారి బయటపడవచ్చు. జపాను వైద్యుడు ఇషిహారా ఆ పరీక్షను సైన్యం కోసమే రూపొందించి 1917లో ప్రకటించారు. నిబంధన క్రూరమని తోచవచ్చు. కానీ విమానద్వారం వద్ద ఎర్రదీపం ఆగమంటుంది, ఆకుపచ్చ దీపం దూకమంటుంది.

చేరిన పిదప గాయపడినవారి విషయం వేరు. 1971 యుద్ధంలో కాలు కోల్పోయిన ఇయాన్ కార్డోజో, కృత్రిమ పాదంతోనే తరువాత ఒక బెటాలియన్‌కు నాయకత్వం వహించారు.