కారునకు గాలి అడ్డు

నంద్యాల నుండి ఆళ్లగడ్డకు వడిగా పోవు కారునకు పెట్రోలు ఏల హెచ్చుగా ఖర్చగును? వేగము రెట్టింపైనచో గాలి అడ్డు నాలుగింతలగును గనుక. దీనిని గడియారముతో అంచనా వేయవచ్చును.

తెల్లవారిన పిదప, రద్దీయు గాలియు లేని సమతల మార్గమున, ఇంజను ఆపక గేరును న్యూట్రలునకు తెత్తము. వేగము గంటకు 85 నుండి 75 కిలోమీటర్లకును, పిదప 45 నుండి 35కును తగ్గుటకు పట్టిన సెకనులను తోడివారు లెక్కింతురు. తిరుగుదారిలోను కొలిచి సగటు తీసినచో వాలు ప్రభావము పోవును.

1000 కిలోల కారునకు 9, 16 సెకనులు పట్టెననుకొందము. లెక్కింపగా నిరోధము 309, 174 న్యూటనులు. చక్రముల ఒరపిడి ఇంచుమించు మారదు; భేదమగు 135 గాలిదే. అది 80 కిలోమీటర్ల వేగమునాటి గాలి అడ్డులో ముప్పాతిక; పూర్తి అడ్డు 180, అనగా సగమునకు మించినది!

పైకప్పుమీది సామాను చట్రము తీసి మరల కొలిచినచో, ఆదా ఎంతయో మనకే తెలియును.